ఎడమ చక్రం వెనక మట్టి

హేమంత్ కారు పోలీస్ స్టేషన్ నుంచి మా షెడ్డుకి వచ్చినప్పుడు దానికి ముందు బంపరు లేదు. ఎడమవైపు లైటు లేదు. బోనెట్టు మీద మూరెడు పాల మరక మాత్రం ఉంది. నెల రోజులు స్టేషన్ ముందు ఎండలో, వానలో నిలబడినా అది పోలేదు. షాంపూ పెట్టి కడిగాను, కిరసనాయిలు పెట్టి తుడిచాను. మా తాలూకా ఆవుల పాలతో ఇంటికి సున్నం వేస్తే మూడు తరాలు నిలుస్తుంది.

ఆ పాలు సొన్నప్పవి. ఆయనది కామసముద్రం. జులైలో ఒక పొద్దున మోపెడ్‌కి రెండు వైపులా క్యాన్లు కట్టుకుని డైరీకి పోతుంటే వెనక నుంచి హేమంత్ కారు గుద్దింది. సొన్నప్ప బతికాడు. కోలారు ఆస్పత్రిలో ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

హేమంత్ పోలీసులకి మొదటి నుంచీ ఒక్కటే చెప్పాడు. "దూరం నుంచే చూసి బ్రేకు తొక్కినాను సార్. స్టీరింగు చేతుల్లో గడగడా ఊగిపోయింది. చక్రం ఊడిపోతా ఉండాదని భయమేసి కాలు తీసేసినాను."

బండిని చూడడానికి వచ్చిన రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు స్టేషన్ ఆవరణలోనే ఇరవై అడుగులు నడిపి, బ్రేకులు పనిచేస్తున్నాయని రాసుకుని పోయాడు. ఇద్దరిదీ నిజమే. ఇరవై అడుగుల్లో ఏ బ్రేకూ ఊగదు. ఎనభై కిలోమీటర్ల వేగంలో తొక్కితేనే ఆ జబ్బు బయటపడుతుంది. ఆ ఆవరణలో ఎనభై అందుకోవాలంటే లాకప్పు గోడలోంచి పోవాలి.

మా షెడ్డు ఊరిగాంలో, సైనైడ్ దిబ్బల వైపు చివరిది. కేజీయఫ్ బంగారు గనులు మూసేసి పాతికేళ్ళవుతున్నా, బంగారం తీసేసిన పిండి మట్టి కొండలు కొండలుగా అక్కడే ఉంది. గాలి లేస్తే ఆ బూడిదరంగు మట్టి ఊరంతా తిరుగుతుంది. ఒక్కో మనిషి ఏడాదికి అరకిలో పీలుస్తాడు. రేషన్ కార్డులో ఎక్కించరు, అంతే తేడా.

షెడ్డు బచ్చప్ప మేస్త్రీది. ఆయన కింద ఆవులప్ప మామ, నేను. మామ నాకు చుట్టం కాదు, ఊరంతా అలాగే పిలుస్తారు. అరవై దాటాయి. పదహారేళ్ళు గనిలో చేసి, గని మూతపడ్డాక ఇక్కడ చక్రాలు విప్పి బిగించే పనిలో చేరాడు. ఛాతీ నిండా రాయిపొడి. ఆయన దగ్గితే పక్క వీధి చర్చిలో ప్రార్థన ఆపి మళ్ళీ మొదలుపెడతారు. కంపెనీ కట్టిన పాత లైన్ ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ఆదివారం షెడ్డుకి సెలవైనా వచ్చి గేటు బయట కూర్చుని పోతాడు. ఆయన బిగించిన బోల్టు విప్పాలంటే కోర్టు ఆర్డరు కావాలి.

హేమంత్ వాళ్ళ నాన్న కోలారు మండీలో టమాటా వ్యాపారి. కొడుకు అడిగాడని ఈ కారు కొన్నాడు. రెండు లీటర్ల టర్బో ఇంజిను. కోలారులో కీ తిప్పితే బంగారుపేటలో హారన్ వినిపిస్తుంది. అలాంటి కారున్న హేమంత్ ఆ రోజు మా షెడ్డులో టైరు మీద కూర్చుని తల ఎత్తకుండా మాట్లాడాడు.

"జూన్‌లో మీరు బ్రేకు డిస్కులు, ప్యాడ్లు మార్చినారు. మూడు వారాలకి ఊగడం మొదలైంది. నేనొచ్చి చెప్పినాను కదా కేశవా?"

చెప్పాడు. నాకే చెప్పాడు. అప్పుడు నేనన్న మాట షెడ్డులో అందరికీ గుర్తుంది. "ఊగతా లేదన్నా. నువ్వు నూట నలభైలో పోతా ఉంటే కారు నీకు దండం పెడతా ఉండాది, ఇంగ వదిలెయ్ సామీ అని." ఆ రోజు హేమంత్ కూడా నవ్వాడు. కొత్త ప్యాడ్లు కుదురుకోవాలి, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సరిపోతుందని చెప్పి పంపేశాను. విప్పి చూస్తే అరగంట పని. విప్పలేదు.

"కేసు నా పైన ఉండాది, ఉండనీ," అన్నాడు హేమంత్. "నాకు తెలియాల్సింది ఒకటే. నేను వట్టిగా భయపడినానా, నిజంగా చక్రంలో ఏమన్నా ఉండిందా?"

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "గుద్దిన దెబ్బకి ఇప్పుడు డిస్కు కూర్చునే హబ్బే వంగి ఉండొచ్చప్పా. విప్పితే తెలుస్తాది. తప్పు మాదైతే, చేసినోడే కామసముద్రం పోయి ఆ సొన్నప్ప పెండ్లాం ముందర నిలబడాల. ఆ తర్వాత నా షెడ్డులో వానికి పని లేదు. యాభై ఏండ్లు చేసినోడైనా సరే."

ఆవులప్ప మామ తల ఊపాడు. "న్యాయమే కదా," అన్నాడు.

ముందు కారు నడిపి చూడాలి. హేమంత్ డ్రైవర్ సీట్లో కూర్చోనన్నాడు, పక్కన కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. ఊరు దాటాక ఖాళీ రోడ్డు మీద ఎనభై అందుకుని బ్రేకు తొక్కాను. స్టీరింగు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. పళ్ళు టకటకలాడాయి. పెడలు కూడా కాలికింద తంతూ ఉంది. వేగం నలభైకి దిగాక ఏమీ ఎరగనట్టు ఊరుకుంది. మళ్ళీ ఎనభై, మళ్ళీ అదే. కుదుపు సీటు కింద తెలిస్తే వెనక చక్రాలు, స్టీరింగులో తెలిస్తే ముందువి. ఇది ముందుదే.

"కాలు తీయలేదు నువ్వు," అన్నాడు హేమంత్.

"ఊగినా ఆగతాదన్నా. కాలు తీయకపోతే ఆగతాది."

అనేశాక నాలుక కరుచుకున్నాను. హేమంత్ కిటికీ వైపు తిరిగాడు.

జాకీ ఎత్తి ముందు చక్రాలు రెండూ తీశాం. చక్రం బేరింగు వదులు కాలేదు. ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్లు ఇరుక్కోలేదు. డిస్కు వంకర ఎంతుందో చూడడానికి డయల్ గేజి తెచ్చాను. అయస్కాంతం ఉన్న కాలుతో అది ఇనుముకి అతుక్కుంటుంది, దాని ముల్లు డిస్కుకి ఆనించి డిస్కుని చేత్తో తిప్పాలి. ముల్లు ఒక గీత కదిలితే మిల్లీమీటరులో వందో వంతు. ఐదు గీతల వరకు పరవాలేదు.

కుడి చక్రం తిప్పాను. మూడు గీతలు.

ఎడమ చక్రం తిప్పాను. ముల్లు పన్నెండు గీతలు పోయి వెనక్కి వచ్చింది. మేస్త్రీ వంగి చూశాడు. తిప్పమన్నాడు, మళ్ళీ తిప్పాను. పన్నెండు. మైక్రోమీటరు తెచ్చి డిస్కు మందం ఎనిమిది చోట్ల కొలిచాం. ఒక పక్క అరిగింది, ఎదురు పక్క అరగలేదు. వంకరగా కూర్చున్న డిస్కు తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్‌కి రాసుకుంటుంది. మొదట్లో తెలియదు. మూడు వారాలు రాసుకుంటే పల్చబడుతుంది. అప్పుడు ఊగుతుంది.

"దెబ్బకి హబ్బు వంగినట్టుండాది," అన్నాడు మేస్త్రీ, దేవుడికి మొక్కుతున్నట్టు.

"డిస్కు తీస్తే తెలుస్తాది," అన్నాడు మామ.

డిస్కు తీశాను.

దాని వెనక, హబ్బు ముఖం మీద, రెండు బోల్టుల నడుమ బూడిదరంగు పెచ్చు ఉంది. రూపాయి బిళ్ళంత. వెంట్రుకంత మందం. నూనె జిడ్డులో పడ్డ దిబ్బ మట్టి, చక్రం వేడికి కాలి కాలి సిమెంటులా గట్టిపడింది. కారు గుద్దినప్పుడు పుట్టింది కాదు, పాతది. కొత్త డిస్కు ఎక్కించేముందు హబ్బుని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. రుద్దలేదు. ఆ పెచ్చు మీద కూర్చున్న డిస్కు పన్నెండు గీతలు ఒరిగింది.

మేస్త్రీ డిస్కుని నా చేతిలోంచి తీసుకుని తిరగేశాడు. లోపలి అంచు మీద పసుప్పచ్చ పెయింటుతో 1147 అని రాసి ఉంది.

అది మామ నంబరు. గనిలో ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఉండేవి. లోపలికి దిగేటప్పుడు బిళ్ళ తీసుకుపోవాలి, పైకి వచ్చాక టైమాఫీసు బోర్డు మీద దాని మేకుకి తగిలించాలి. షిఫ్టు అయ్యాక ఏ మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా భూమిలో ఉన్నట్టు. మనిషి ముఖం చూసి కాదు, బిళ్ళ చూసి లెక్క చెప్పేవాళ్ళు. షెడ్డులో చేరాక కూడా మామ ఆ అలవాటు వదల్లేదు. తాను చేసిన ప్రతి పనికీ లోపలివైపు, ఎవరికీ కనబడని చోట 1147 వేస్తాడు.

ఇది మాత్రం ఆయన వేసింది కాదు. నేను వేశాను. జూన్‌లో కుడి చక్రం మామ చేశాడు, ఎడమది నేను చేశాను. అప్పట్లో నాకు అదొక పిచ్చి. మామ నంబరు టీ గ్లాసు కింద వేసేవాణ్ణి, మేస్త్రీ స్కూటరు సీటు కింద వేసేవాణ్ణి. షెడ్డు కుక్క వీపు మీద కూడా వేస్తే అది రెండు నెలలు గని పెన్షన్ కోసం తిరిగింది. మామ నవ్వేవాడు కాదు. "దాంతో ఆడొద్దురా కేశవా," అని ఒకసారి అన్నాడు. అలా అన్న మరునాడే ఇంకో మూడు చోట్ల వేశాను.

"ఇది నీదే కదా ఆవులప్పా," అన్నాడు మేస్త్రీ.

మామ జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. డిస్కుని వెలుతురులోకి తిప్పి చూశాడు.

"నాదే," అన్నాడు.

"బ్రష్ పెట్టలేదా నువ్వు?"

"పెట్టకుండా యా పొద్దూ ఎక్కించలేదు మేస్త్రీ." మామ అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "కానీ నంబరు ఉండాది కదా. నంబరు ఉంటే నేనే. నాకు గుర్తు లేదంతే."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. మేస్త్రీ, హేమంత్, మామ ముగ్గురూ ఆ డిస్కు వైపే చూస్తున్నారు, నా వైపు ఎవరూ చూడట్లేదు. తెరిచిన నోరు మూసేశాను. ఆ పనికి నాకు బలమేమీ అవసరం కాలేదు.

హేమంత్ లేచాడు. మామని తిడతాడనుకున్నాను. "సరి, పెద్దాయనా," అని మాత్రం అని, బస్టాండు వైపు నడిచిపోయాడు.

మామ తన స్పానర్ల సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇంగ నేను చక్రం పట్టను. ఇన్నేండ్లలో ఇట్ల ఎన్ని మర్చిపోయినానో నాకే తెలియదు. యా కారు యాడ ఊగతా ఉండాదో. ఎవరింటి మనిషి యాడ పడినాడో." దగ్గు వచ్చింది. తగ్గాక కూడా గోడ పట్టుకుని నిలబడ్డాడు. "పొద్దున నన్ను కామసముద్రం తీసుకుపోరా. ఆయమ్మ ముందర నిలబడి వస్తాను."

సాయంత్రం మామ వెళ్ళిపోయాక మేస్త్రీ దగ్గరికి పోయాను.

"మేస్త్రీ, ఆ నంబరు నేను రాసినాను. ఎడమ చక్రం చేసింది నేను."

ఆయన చేతులు కడుక్కుంటున్నాడు, తిరగలేదు. "పోయిన వారం మీ తాత చనిపోయినాడని సెలవు పెట్టినావు. ముందటి నెల కూడా ఆయనే చనిపోయినాడు. ఆయప్ప నిన్న సంతలో బెల్లం కొంటా కనపడినాడు."

"ఇది నిజం మేస్త్రీ."

"ముసలోణ్ణి కాపాడాలని నీకుండాది. మంచిదే. నాకు మాత్రం లేదా? కానీ నంబరు నా కండ్లతో చూసినాను. గమ్మున ఉండు. పోయి డిస్కులు లేతు పట్టించుకుని రా."

ఇంకోసారి చెప్పొచ్చు. నా చేతిరాతలో అంకెలు వేసి చూపించొచ్చు. కానీ ఆయన నమ్మనన్నప్పుడు నా కడుపులో చల్లగా అయింది. బిందెడు మజ్జిగ తాగినట్టు. నేను చెప్పాను, ఆయన నమ్మలేదు, ఇంక నా చేతిలో ఏముందని అనుకుంటూ లేతు షాపుకి పోయాను.

మరునాడు పొద్దున హబ్బుని వైర్ బ్రష్‌తో రుద్దాను. ఎమ్రీ కాగితం పట్టాను. ముఖం చూసుకునేంత మెరిసింది, చూసుకోలేదు. లేతు మీద చదును చేయించిన డిస్కు ఎక్కించి గేజి పెట్టాను. మూడు గీతలు. హబ్బు వంగలేదన్నమాట. దానికి ఆ పెచ్చు తప్ప ఇంకే రోగమూ లేదు. కొత్త ప్యాడ్లు వేశాను. చక్రం బోల్టులు ఎదురెదురుగా, టార్క్ రెంచి టిక్కుమనేదాకా బిగించాను. మామ దూరంగా స్టూలు మీద కూర్చుని చూశాడు. ఒక్కసారి కూడా దగ్గరికి రాలేదు.

కొత్త ప్యాడ్లని రోడ్డు మీద పొత్తు కుదర్చాలి. ఎనభైలో పోయి ఇరవై దాకా తగ్గించాలి, పూర్తిగా ఆపకూడదు, మళ్ళీ ఎనభై. అలా పదిసార్లు. తర్వాత బ్రేకు ముట్టుకోకుండా చల్లారేదాకా నడపాలి. కామసముద్రం రోడ్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి మేస్త్రీ ఆ దారినే పొమ్మన్నాడు, మామని కూడా ఎక్కించాడు.

మామ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. ప్రతిసారీ నేను బ్రేకు తొక్కినప్పుడు అరచేతిని డాష్‌బోర్డు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నాలుగోసారికి ప్యాడ్లు కాలిన వాసన వచ్చింది. ఆరోసారికి పట్టు గట్టిపడింది. పదోసారి కళ్ళు తెరిచాడు.

"బాగుండాది. నీ చెయ్యి కుదిరిందిరా," అన్నాడు. "ఇంగ షెడ్డుకి నువ్వే దిక్కు."

అప్పుడు కూడా చెప్పలేదు. రాగి చేలు, మామిడి తోపులు, ఇంకో మామిడి తోపు. ఆ రోడ్డు మామూలుగా ఇరవై నిమిషాలది. ఆ రోజు దాన్ని ఎవరో లాగి ఆంధ్రా దాకా సాగదీశారు.

సొన్నప్ప ఇంటి ముందుకి ఆ కారు తీసుకుపోవద్దన్నాడు మామ. బస్టాపు దగ్గర వదిలి నడిచాం. ఇంటి అరుగు మీద పిల్లమ్మ మల్బరీ ఆకు కోస్తోంది. పిల్లమ్మ అంటే సొన్నప్ప భార్య. లోపల తట్టల్లో పట్టుపురుగులు ఆకు నములుతున్న చప్పుడు వాన పడుతున్నట్టు వినిపిస్తోంది. సొన్నప్ప నులక మంచం మీద ఉన్నాడు. దుప్పటి ఒక పక్క మోకాలి దగ్గరే చదునైపోయింది.

మామ అరుగు కిందే నిలబడి చేతులు జోడించాడు.

"అమ్మా, నేను ఆవులప్పని. కేజీయఫ్‌లో మెకానిక్కుని. మీ ఆయన్ని గుద్దిన కారుకి చక్రం బిగించింది నేను. నేను సరిగ్గా చేయనందుకే బ్రేకు ఊగింది. ఆ డ్రైవరు భయపడి కాలు తీసేసినాడు. తప్పు నాది."

పిల్లమ్మ కత్తి పక్కన పెట్టింది. నలభై ఏళ్ళుంటాయి. కళ్ళ కింద నిద్ర లేని నలుపు.

"ఏం చేయలేదు సరిగ్గా?"

"చక్రం లోపల మట్టి తుడవలేదు."

"ఏం, ఎందుకు తుడవలేదు?"

"గుర్తు లేదమ్మా. నా నంబరు ఉండాది దాని పైన. నాదే."

"గుర్తే లేని తప్పుకి దండం పెట్టేదానికి వచ్చినావా?" ఆమె గొంతు పెరగలేదు. "ఇరవై దినాలు ఆస్పత్రిలో నేల పైన పండుకున్నానప్పా. ఎట్లయింది, ఎందుకయింది అని అడిగితే ఒక్కరూ చెప్పలే. నువ్వొచ్చి గుర్తు లేదంటావు. గుర్తు లేకపోతే ఎందుకొచ్చినావు?"

మామ జోడించిన చేతులు దించలేదు. ఆయన కిందికి చూస్తున్నాడు, తిడితే పడడానికి సిద్ధంగా.

"నేను చేసినానమ్మా," అన్నాను.

మామ గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. "వీని మాట నమ్మొద్దమ్మా. వీడు పొద్దున లేస్తే అబద్ధమే. నా పైన జాలిపడి చెప్తా ఉండాడు."

పిల్లమ్మ నన్ను ఎప్పుడూ చూడలేదు. నా అబద్ధం ఒక్కటి కూడా ఆమె వినలేదు.

"నువ్వు చెప్పు," అంది.

"జూన్‌లో, మంగళారం అమ్మా. మేస్త్రీ సామాను తెచ్చేదానికి కోలారు పోయినాడు. కుడి చక్రం మామ చేసినాడు, బ్రష్ పెట్టే చేసినాడు. మధ్యాన్నం ఛాతీ ఎక్స్‌రేకి పోయినాడు. ఎడమ చక్రం నాకు చెప్పి పోయినాడు. నేను పాత డిస్కు పీకినాను. గాలి లేసింది. దిబ్బ మట్టి షెడ్డులోకి వచ్చింది, తలుపు మూయలేదు. హబ్బు పైన జిడ్డు ఉండింది, దాని పైన మట్టి పడింది. బ్రష్ గోడకి తగిలించి ఉండింది. ఐదడుగులు. లేసి పోలేదు. చేత్తో తుడిచినాను. చేత్తో తుడిస్తే జిడ్డు పోదని నాకు తెలుసు. మామ లేడు కదా అని, నవ్వుకునేదానికి ఆయన నంబరు నేనే రాసినాను. డిస్కు ఎక్కించేసినాను. ఆ మీదట కారాయన ఊగతా ఉండాదని వచ్చి చెప్పినాడు. అప్పుడూ విప్పి చూడలేదు. తమాషా చేసి పంపించినాను."

నా చెయ్యి మీద మామ పట్టు వదులైంది.

"ఎక్స్‌రే పొద్దు," అన్నాడు మెల్లగా. "ఆ పొద్దు బస్సు దొరకలేదు. నడిచి వచ్చినాను. వచ్చేటప్పటికి కారు పోయిండింది." చెయ్యి పూర్తిగా తీసేశాడు. "ఎడమ చక్రం నేను చూడనే లేదు."

"చేసింది ఈ పిల్లోడే," అంది పిల్లమ్మ, మంచం వైపు తిరిగి.

సొన్నప్ప అంతవరకు పైకప్పు వైపు చూస్తున్నాడు. తల తిప్పి నన్ను పాదాల నుంచి పైకి చూశాడు. "ఐదడుగులా?" అని అడిగాడు.

"అవునప్పా."

ఆయన మళ్ళీ పైకప్పు వైపు తిరిగాడు.

"రేపు మా తమ్ముడు స్టేషన్‌కి వస్తాడు," అంది పిల్లమ్మ. "ఇదే మాట ఆడ చెప్తావా?"

"చెప్తానమ్మా."

"రాసిస్తావా?"

"ఇస్తాను."

"నీ పేరుతో?"

"నా పేరుతోనే అమ్మా."

ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి మామకి ఇచ్చింది. మామ తాగి, చెంబు అరుగు మీద పెట్టాడు. నాకు ఇవ్వలేదు. మళ్ళీ కూర్చుని ఆకు కోయడం మొదలుపెట్టింది. పురుగులకి ఆకు ఆలస్యమైతే ఒప్పుకోవు.

బస్టాపు దాకా మామ నా కంటే ముందు నడిచాడు. రొప్పుతూనే నడిచాడు. నేను కారు తలుపు తెరిచాను. ఆయన ఎక్కలేదు.

"మామా, ఎక్కు."

"బస్సుకి వస్తాను."

"తిట్టు మామా. కొట్టు. ఎక్కి కొట్టు."

అప్పుడు నా వైపు తిరిగాడు. ఆయన కోపంగా లేడు, అదే భయమేసింది.

"లోపలికి దిగేటప్పుడు ఒకని బిళ్ళ ఇంకొకడు తీసుకుపోతే ఏమైతాదో తెలుసునా నీకు? రాయి పడితే, బతికుండేవాని ఇంటికి పోయి ఏడుస్తారు. చచ్చినోని ఇంట్లో అన్నం వండుకుంటా ఉంటారు. నా చేతులే నన్ను మోసం చేసినాయని నిన్న రాత్రంతా వాటినే చూస్తా కూర్చున్నాను. షెడ్డులో నేను నాదే అన్నప్పుడు నువ్వు పక్కనే ఉండి చూస్తివి." ఊపిరి అందడానికి ఆగాడు. "అట్లాంటోనితో మేము మళ్ళా కిందికి దిగేవాళ్ళం కాదు. మేస్త్రీకి నేను చెప్తాను. నువ్వు చెప్తే నమ్మడు."

బస్సు వచ్చింది. మామ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాడు.

నేను ఆ బస్సు వెనకే కారు నడిపాను. దాటడానికి చాలాచోట్ల దారి ఇచ్చింది, దాటలేదు. గంటకి రెండొందల నలభై పోగల కారు ముప్పైలో పోయింది. బస్సు ప్రతి ఊళ్ళో ఆగింది. ఒక ముసలమ్మ దిగడానికి ఆగింది, మేకలు దాటడానికి ఆగింది. ఆగిన ప్రతిసారీ నేనూ ఆగాను. స్టీరింగు చేతుల్లో కొంచెం కూడా కదల్లేదు.

ఊరిగాంలో మామ దిగాడు. షెడ్డు వైపు నడిచి, గేటు తీసుకుని లోపలికి పోయాడు. కాసేపటికి మేస్త్రీ బయటికి వచ్చి రోడ్డు ఇటూ అటూ చూశాడు. నేను కారు అక్కడే పక్కకి ఆపి, తాళంచెవి తీసుకుని, ఆయన వైపు నడిచాను.